లైన్ చాచా మీద నేను రాసిన మాట

పోయిన నెల మా విశ్వవిద్యాలయంలో ఒక సభ జరిగింది. పరిశోధకుల కోసం కొత్తగా వేసిన వేగవంతమైన నెట్‌వర్కుకు అది ప్రారంభోత్సవం. పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి వేదిక మీద కంప్యూటర్ ముందు కూర్చుని, ఎక్కడో సముద్రాల అవతలి ప్రయోగశాల నుంచి పెద్ద ఫైలొకటి దించి చూపించింది. నేను కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేలోగా అది వచ్చేసింది. తర్వాత నన్ను మాట్లాడమన్నారు. మోడెం కాలం చూసినవాళ్ళలో ఆ హాల్లో ఉన్నది నేనొక్కణ్ణే. పాత రోజుల సంగతులు చెప్పమన్నారు.

నేను ఎప్పుడూ చెప్పే కథే చెప్పాను. నల్లగొండలో మా ఫోన్ లైను చూసే లైన్‌మన్ ఒకాయన ఉండేవాడని, వెనకాల అందరూ ఆయన్ను నవాబు అనేవాళ్ళని, ఎంత బతిమాలినా స్తంభం ఎక్కేవాడు కాదని, చివరికి నేనొక కాగితం రాసి పడేస్తే సరసరా ఎక్కి లైను బాగుచేశాడని. జనం నవ్వారు. ఏళ్ళ తరబడి ఈ కథకు జనం నవ్వుతూనే ఉన్నారు.

సభ అయ్యాక టీ తాగుతుంటే ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "ఆయన ఎందుకు ఎక్కేవాడు కాదు సార్?" అని అడిగింది.

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. బద్ధకమమ్మా అన్నాను. అని ఇంటికొచ్చాను. ఆయన బద్ధకస్తుడు కాడు. ఆ సంగతి నాకు తొంభైల్లోనే తెలుసు.

అప్పుడు మా భూగర్భజల పరిశోధన కేంద్రం నల్లగొండ ఊరి చివర ఒక కిరాయి ఇంట్లో ఉండేది. ఆ జిల్లా నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ తెలిసిందే. పిల్లల పళ్ళు పచ్చబడతాయి, పెద్దల ఎముకలు బిగుసుకుపోతాయి. చిట్యాల, కట్టంగూర్ వైపు ఊళ్ళ నుంచి బావుల నీళ్ళు, బోర్ల నీళ్ళు సీసాల్లో తెచ్చి పరీక్ష చేసి, ఆ లెక్కలు హైదరాబాదు పంపడం మా పని. మొదట్లో ఆ కాగితాలు బస్సులో వెళ్ళేవి. తర్వాత మా ప్రొఫెసర్ గారు ఒక కంప్యూటర్‌నూ ఒక మోడెంనూ పంపించారు. మోడెం అంటే చిన్న డబ్బా. కంప్యూటర్‌లోని అంకెలను అది కూతగా మార్చి మామూలు టెలిఫోన్ తీగ మీద పంపేది. అవతల హైదరాబాదులో ఇంకో డబ్బా ఆ కూతను మళ్ళీ అంకెలుగా మార్చేది. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా గంటసేపు మాకు సమయం ఇచ్చారు. తీగ మీద ఎక్కడ చిటపటమన్నా అంకెల మధ్య పిచ్చి గీతలు పడేవి. లైను తెగిపోతే మళ్ళీ మొదటి నుంచి పంపాలి.

అందుకే మాకు లైన్‌మన్ దేవుడితో సమానం. అందరూ ఆయన్ను లైన్ చాచా అనేవారు. నేనూ చాచా అనే పిలిచేవాణ్ణి.

అప్పటికి ఆయనకు యాభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. ఖాకీ చొక్కా, భుజానికి గుడ్డసంచి, సంచిలో పటకారు, మైనం ముద్ద, తీగకు తగిలించి వినే నల్ల ఫోను. వచ్చీ రాగానే ఏమైందని అడిగేవాడు కాదు. రిసీవర్ తీసి చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకునేవాడు. రోగి గుండె వినే డాక్టరులా చాలాసేపు అలాగే ఉండేవాడు. తర్వాత, తడి జాయింటులో ఉందో, గాలికి తీగ చెట్టుకొమ్మకు రాసుకుంటోందో, ఎక్స్ఛేంజీలోనే తప్పుందో చెప్పేవాడు. చెప్పింది ఎప్పుడూ తప్పలేదు.

మోడెం కూత ఆయన మొదటిసారి విన్న రోజు నాకు బాగా గుర్తు. రిసీవర్ చెవి నుంచి తీసి, దాన్నొకసారి చూసి, మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు. ఇందులో ఏం పోతోందని అడిగాడు. ఊళ్ళ నీళ్ళ లెక్కలని చెప్పాను. ఏ ఊరి బావిలో ఎంత చెడు ఉందో ఆ కూతలో ఉంటుందన్నాను. తన ఊరు కట్టంగూర్ పక్కనే అని చెప్పి, తమ ఊరి బావి కూడా ఇందులో ఉందా అన్నాడు. ఉందన్నాను. అబద్ధం కాదు, నిజంగానే ఉంది.

ఆ రోజు నుంచి మా లైను ఆయనకు సొంత పనైపోయింది. మేం పిలవకపోయినా వారానికొకసారి వచ్చేవాడు. రోడ్డు వెడల్పు చేసే కూలీలు స్తంభం దగ్గర గుంత తవ్వుతుంటే, ఆ తీగలో నీళ్ళ ముచ్చట పోతుంది, జర పైలం, తెగకుండ చూడుండ్రి అని వాళ్ళను పక్కకు జరిపాడట. ఈ మాట మా అటెండరు యాదగిరి చెబితే మేమంతా నవ్వుకున్నాం.

వచ్చిన ప్రతిసారీ పోయేముందు ఒక్క మాట అడిగేవాడు.

"రిపోర్ట్ వచ్చిందా సార్?"

రాలేదు చాచా, వస్తే చెప్తాలే అనేవాణ్ణి. నిజానికి పరీక్ష చేసినవాణ్ణి నేనే. వాళ్ళ బావి లెక్క మొదటి వర్షాకాలంలోనే నా చేతిలో ఉంది. తాగకూడని హద్దును ఎప్పుడో దాటిన నీళ్ళవి. కానీ మా పరిశోధన పుస్తకం అచ్చయ్యేదాకా ఏ ఊరి లెక్కా బయటికి పొక్కకూడదని మా ప్రొఫెసర్ గారి ఆజ్ఞ. జనం బెదురుతారు, రాజకీయం అవుతుంది అనేవారు. ఆ మాట నాకూ సబబుగానే తోచింది. సబబుగా తోచడం నాకు సుఖంగా కూడా ఉండేది.

ఆయన తీరులో కొన్ని మాకు వింతగా కనిపించేవి. వెనక నుంచి పిలిస్తే తల తిప్పేవాడు కాదు. కాళ్ళతో సహా మనిషి మొత్తం తిరిగి నిలబడేవాడు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు, గోడకు ఆనుకునేవాడు. మంచినీళ్ళు అందరిలా తలెత్తి పోసుకునేవాడు కాదు. గ్లాసు పెదవులకు ఆనించి, ఒళ్ళంతా కలిపి కొంచెం వెనక్కి వాలి తాగేవాడు. చేతిలోంచి పటకారు జారిపడితే వంగి తీసుకునేవాడు కాదు. ఎదురుగా ఎవరుంటే వాళ్ళను, జర అది అందియ్యుండ్రి అనేవాడు. ఒకసారి నన్నే అన్నాడు. నేను తీసిచ్చాను. సార్ చేతనే పటకారు ఎత్తించిండు, నవాబు గాకపోతే ఏంది అని యాదగిరి అన్నాడు. ఆ పేరు ఆ రోజు పుట్టిందే. నేను వద్దనలేదు.

స్తంభం ఎక్కే పని పడితే మాత్రం చాచా తనతోటి ఇంకో లైన్‌మన్‌ను తీసుకొచ్చేవాడు. ఆయన పైకెక్కితే చాచా కింద నిలబడి, ఏ తీగ ఎలా మెలిపెట్టాలో చెప్పేవాడు. బదులుగా ఆ లైన్‌మన్ కింద చేయాల్సిన పనులన్నీ చాచా చేసిపెట్టేవాడని తర్వాత తెలిసింది. వాళ్ళిద్దరి మధ్య అదొక ఒప్పందం.

మూడో ఏడు వానలు గట్టిగా పడ్డాయి. వారం రోజులుగా మా లైను ఒకటే చిటపట. సరిగ్గా అప్పుడే మా పని చూడటానికి ఢిల్లీ నుంచి పెద్దలు హైదరాబాదు వస్తున్నారు. మూడు నెలల లెక్కలు శనివారంలోగా పంపాలి. ప్రొఫెసర్ గారు రోజూ ఫోన్ చేసి కేకలేస్తున్నారు, ఆ కేకలు కూడా సగమే వినబడుతున్నాయి. చాచాను పిలిపించాను. ఆయన రిసీవర్ చెవికి పెట్టుకుని విన్నాడు. మా గేటు ముందున్న స్తంభం మీది జాయింటులోకి నీళ్ళు దిగాయన్నాడు. తన తోటాయన సెలవులో ఉన్నాడని, సోమవారం పొద్దున్నే వచ్చి చేయిస్తానని అన్నాడు.

సోమవారమైతే నాకు అన్నీ అయిపోతాయి. ఆ కోపంలో అడిగాను: "నువ్వు లైన్‌మన్‌వే గదా చాచా. నువ్వే ఎక్కరాదా?"

ఆయన గోడ వైపు చూస్తూ అన్నాడు: "నాతోని గాదు సార్."

సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

నేను లోపలికెళ్ళి టైపు మిషను ముందు కూర్చున్నాను. టెలిఫోన్ ఆఫీసు ఇంజనీరుకు ఇంగ్లీషులో ఫిర్యాదు రాశాను. నా ఇంగ్లీషు బాగుంటుందని అప్పట్లో నాకు గర్వం. ఫలానా లైన్‌మన్ విధి నిర్వహణకు నిరాకరించాడని రాశాను. "నాతోని గాదు" అంటే చేయనని కాదు, చేతకాదని. ఆ తేడా తెలియనివాణ్ణి కాదు నేను. మా ఊరు నారాయణపేటలో మగ్గం గుంతలోంచి నడుము పట్టేసి లేవలేనప్పుడు మా బాపు అనే మాట అదే. మా అమ్మ వెంటనే చెయ్యి అందించేది. నేను మాత్రం ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి దాని ప్రాణం తీశాను.

అంతటితో ఆగినా బాగుండేది. చదువుకుంటే ఉత్తరం కాస్త పలచగా అనిపించింది. ఊరికే ఎక్కనన్నాడంటే ఇంజనీరు పట్టించుకుంటాడో లేదో అనుకున్నాను. అందుకని చివర ఇంకో వాక్యం కలిపాను. ఈ వ్యక్తి పని చేయడానికి మామూలు ఆశిస్తున్నట్టు కనిపిస్తోందని. యాదగిరి ఆ ఉత్తరం చేత్తో తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు.

మరుసటి రోజు, శుక్రవారం, పన్నెండున్నరకు చాచా వచ్చాడు. ఒక్కడే. వెనక ఒక రిక్షాలో వెదురు నిచ్చెన. చేతిలో కాగితం. ఫిర్యాదు చేసిన సారు ఎదురుగా పని చేసి, ఆ సారు సంతకం తెమ్మని ఇంజనీరు రాసిచ్చిన కాగితం. దాన్ని నాకు చూపించి జేబులో పెట్టుకున్నాడు. రిక్షా ఆయన నిచ్చెనను స్తంభానికి ఆనించి పట్టుకున్నాడు. చాచా చెప్పులు విడిచి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

మోకాలు వంగలేదు. రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని, తుంటి నుంచి కాలును పక్కకు ఈడ్చి మెట్టు మీదికి తెచ్చాడు. తర్వాత రెండో కాలు. మళ్ళీ మొదటిది. సగం పోయాక ఆగాడు. పైకి చూడటానికి మెడ లేవడం లేదు. చొక్కా వీపు తడిసిపోయింది. పైన జాయింటు అందాలంటే చేతులు తల కంటే ఎత్తుకు పోవాలి. ఆ చేతులు భుజం దాటి లేవడం లేదు. మిగతా మెట్లూ అలాగే ఎక్కి, జాయింటు తన ఛాతీ ఎత్తుకు వచ్చేదాకా పోయి, చూడకుండా గుడ్డివాడిలా వేళ్ళతో తడిమి తీగలు విప్పి, తడి తుడిచి మళ్ళీ మెలిపెట్టాడు.

మా పనిలో ఇంకో భాగం ఉంది. ఊళ్ళలో నీళ్ళతో పాటు మనుషులనూ చూసేవాళ్ళం. వరసగా నిలబెట్టి మూడు పనులు చేయమనేవాళ్ళం. మోకాళ్ళు వంచకుండా వంగి కాలివేళ్ళు ముట్టుకోమనేవాళ్ళం. గడ్డం ఛాతీకి ఆనించమనేవాళ్ళం. చేతులెత్తి తల వెనక పెట్టుకోమనేవాళ్ళం. ఈ మూడూ చేయలేనివాడికి ఫ్లోరైడ్ ఎముకల్లోకి దిగిందని రాసుకునేవాళ్ళం. అలా కొన్ని వందల మందిని నేను పరీక్షించాను. ఈ మనిషి రెండేళ్ళు నా గదిలో, నా కళ్ళ ముందు, ఆ మూడూ చేయలేకపోతూ తిరిగాడు. నేను ఆయన్ను నవాబు అనుకున్నాను.

స్తంభం కింద నిలబడి ఉండగా నాకు ఇదంతా ఒక్కసారిగా తెలిసింది. నన్ను ఎక్కువ బాధపెట్టేది తెలియకపోవడం కాదు, తెలిశాక నేను చేసింది. దిగు చాచా అనడానికి ఒక్క మాట చాలు. అనలేదు. చేతి గడియారం చూసుకున్నాను. రెండు కావస్తోంది. ఇంకాస్త ఓపిక పడితే లైను వచ్చేస్తుందనుకున్నాను.

ఆయన దిగేటప్పుడు చివరి రెండు మెట్లూ జారాడు. కింద పడ్డాడనలేను, స్తంభానికి వీపు ఆనించి అలా నేల మీదికి జారి కూర్చున్నాడు. నేను దగ్గరికి పోయాను. ఆయనకు ఊపిరి అందడం లేదు.

"ముందుగాల లైన్ చూసుకోండ్రి సార్. రెండైతాంది," అన్నాడు.

నేను చూసుకోవడానికి లోపలికెళ్ళాను. కూత శుభ్రంగా ఉంది. ఒక్క పిచ్చి గీత పడలేదు. మూడు నెలల లెక్కలూ గంటలో పోయాయి. ఆ గంటసేపూ నేను కుర్చీలోంచి లేవలేదు. బయటికొచ్చేసరికి చాచా లేడు. లేవలేకపోతుంటే యాదగిరి, రిక్షా ఆయన కలిసి లేపి, అదే రిక్షాలో ఇంటికి తీసుకెళ్ళారట. యాదగిరి ఆ తర్వాత ఎప్పుడూ నవాబు అనలేదు. ఇంజనీరు కాగితం నా బల్ల మీద ఉంది. పని తృప్తికరం అని రాసి సంతకం పెట్టాను.

కథ అక్కడితో అయిపోలేదు. ఎక్కని సంగతి తీరిపోయింది కానీ, మామూలు మాట మిగిలింది. దాని మీద విచారణ జరగాలట. పది రోజుల తర్వాత ఇంజనీరు చాచాను వెంటబెట్టుకుని మా కేంద్రానికి వచ్చాడు. మర్యాదస్తుడు. నేను మాట వెనక్కి తీసుకునే వీలిచ్చే అడిగాడు: "ఈయన మిమ్మల్ని ఎప్పుడైనా డబ్బులడిగిండా సార్?"

అడగలేదు అంటే సరిపోయేది. అలా అంటే నేను అబద్ధం రాసినట్టవుతుంది, పక్కనే ప్రొఫెసర్ గారు పంపిన ఇంకో శాస్త్రవేత్త కూర్చుని ఉన్నాడు.

"నోటితో అడగలేదు," అన్నాను.

ఇంజనీరు రాసుకున్నాడు. చాచా గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. మనిషి మొత్తం నా వైపు తిరిగాడు. కోపంగా లేడు. నిజంగానే తెలుసుకోవాలని ఉన్నట్టు అడిగాడు:

"రెండేండ్లల్ల మీ కాడ చాయ్ తాగిన సార్. మామూలంటే అదేనా?"

నేను బల్ల మీది కాగితాలు సర్దుకున్నాను.

ఆయన్ను లైను పని నుంచి తీసి చిట్యాలలో సామాను గదికి మార్చారు. ఆరు నెలలకు డాక్టరు చూసి పనికి తగడని రాస్తే ఇంటికి పంపారు. సర్వీసు పుస్తకంలో నా మాట అలాగే ఉండిపోయింది.

ఆ వేసవిలో మా పుస్తకం అచ్చయింది. రెండో విడత సీసాలు తీసుకుని కట్టంగూర్ వైపు వెళ్ళినప్పుడు, ఆయన ఊళ్ళో దిగాను. క్షమాపణ చెప్పుకోవాలనే వెళ్ళాను. చిన్న పెంకుటిల్లు. ఆయన గోడకు దిండు ఆనించుకుని మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. పడుకోవడం కూడా చేతకావడం లేదట. నన్ను చూసి ముఖం వెలిగింది. భార్యను పిలిచి, ఈ సార్ నీళ్ళ మీద పెద్ద చదువు చదివిండని చెప్పాడు. ఇద్దరు మనవరాళ్ళు తలుపు దగ్గర నిలబడి నవ్వారు. వాళ్ళ పళ్ళు నేను చూశాను.

ఆమె నాకు స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది. గ్లాసు అందుకున్నాను. నోటిదాకా తెచ్చాను. ఒక గుక్క తాగితే ఏమీ కాదని నాకు తెలుసు. అయినా చెయ్యి ఆగింది. ఎంతసేపు ఆగిందో తెలియదు. చాచా నా చేతినే చూస్తున్నాడు.

"రిపోర్ట్ వచ్చినట్టున్నది సార్," అన్నాడు మెల్లగా.

తల ఊపాను.

"ఎప్పుడొచ్చింది?"

"మొదటి వానకాలమే చాచా. రెండేండ్లు దాటింది."

ఆయన వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. "ఏ లైన్ల పోయింది?"

"మన లైన్లనే," అన్నాను.

నా చేతిలోని గ్లాసు తీసుకొమ్మని భార్యకు సైగ చేశాడు. ఇయ్యాల్టి నుంచి పిల్లలకు ఆ బాయినీళ్ళు తాపకు, పొలాలల్ల ఉన్న మోట బాయి కాడికి పోయి తెచ్చుకుందాం అని ఆమెతో అన్నాడు. ఆ బావి నీళ్ళు మంచివేనా అని నన్ను చూశాడు. ఆ బావి లెక్క కూడా నాకు తెలుసు. కొంత నయం అని చెప్పాను. మూడేళ్ళలో ఆ ఊరికి నేను చేసిన ఉపకారం ఆ రెండు మాటలే.

ఆమె పొయ్యి దగ్గరికి పోయాక నా కాగితం సంగతి ఎత్తబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇంట్ల తెల్వది సార్. పానం బాగలేక పంపిండ్రనే చెప్పిన. ఊకోండ్రి."

నన్ను క్షమించాడో లేదో నేనెన్నడూ తెలుసుకోలేకపోయాను. ఆయన నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. ఇవ్వవలసిన పని కూడా లేదు.

ఆ వారమే నేను టెలిఫోన్ ఆఫీసుకు వెళ్ళాను. ఇంజనీరు నన్ను కూర్చోబెట్టి తెల్లకాగితం ఇచ్చాడు. మామూలు సంగతి అబద్ధమని ఒక్క ముక్క రాసిస్తే సర్వీసు పుస్తకంలోంచి ఆ మాట కొట్టేయిస్తానన్నాడు. కలం తీశాను. నా పేరు, హోదా రాశాను. అప్పటికి నన్ను హైదరాబాదులో విశ్వవిద్యాలయానికి రీడరుగా తీసుకునే మాట నడుస్తోంది. పరిస్థితిని అపార్థం చేసుకుని ఉండవచ్చునని రాశాను.

ఆయన చదివి, "దీనితో ఆ మాట పోదు సార్," అన్నాడు. కాగితం ఇంకోసారి నా ముందుకు జరిపాడు. నేను లేచి వచ్చేశాను.

చాచా తర్వాతి చలికాలంలో పోయాడు. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన కూడా అయిపోయాక యాదగిరి చెప్పాడు. అప్పటికి నేను హైదరాబాదులో ఉన్నాను. కొన్నేళ్ళకు ఆయన పేరు తీసేసి, నవాబు అని పెట్టి, నలుగురిలో నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టాను. నవ్వించి చెబితే ఇంకెవరూ తవ్వరని నాలో ఎవరో కనిపెట్టి ఉంటారు.

ఆ ఇంజనీరు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. ఆ సర్వీసు పుస్తకం ఏ చెదలకు ఆహారమైందో తెలియదు. ఆ తెల్లకాగితం మీద రాయవలసిన ముక్క ఇక్కడ రాస్తున్నాను. ఆయన నన్ను డబ్బు అడగలేదు. నోటితో అడగలేదు, కళ్ళతో అడగలేదు, ఏ విధంగానూ అడగలేదు. మామూలు ఆశించాడని నేను రాసింది అబద్ధం. రాస్తున్నప్పుడే ఆ సంగతి నాకు తెలుసు.